నల్లరేగడి మట్టిలో పీచు కలిపితే నిజంగా ఏమవుతుంది?

ప్రతి ఏడాదీ సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు కొంతమంది ఇదే టాపిక్ పట్టుకొని వస్తారు. మట్టిలో పీచు కలిపి బలం పెంచడం. ఒకరు కొబ్బరి పీచు, ఒకరు జనపనార, ఇంకొకరు సిమెంటులో కలపడానికి ప్యాకెట్లలో అమ్మే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఫైబర్. వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది కూడా ఒకటే, "ఎంత శాతం బలం పెరుగుతుంది సార్?" అని. నేను మాత్రం ఆ ప్రశ్న రెండోదిగా అడగమంటాను. ముందు అడగాల్సింది ఆ మట్టి ఎలా తెగిపోతుంది, పీచు కలిపాక ఎలా తెగిపోతుంది అని. ఈ తేడా అర్థమైతే పీచు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ డబ్బు దండగో మనకే తెలిసిపోతుంది. రోజంతా మట్టితోనే పని కాబట్టి ఈసారి దీని గురించి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మన దగ్గర ఈ గొడవంతా నల్లరేగడి వల్లే. కర్నూలు, ప్రకాశం, గుంటూరు వైపు, తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు ఈ నేల ఎలాంటిదో అక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం చేయి దూరేంత నెర్రెలు, వానాకాలం కాలు పెడితే చెప్పు ఊడొచ్చేంత బంక. పత్తికి, శనగకి బంగారంలాంటి నేలే, కానీ దాని మీద రోడ్డు వేసినా ఇల్లు కట్టినా ఏడిపిస్తుంది. కారణం అందులో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం. దాని పొరల మధ్యలోకి నీళ్లు దూరితే పొరలు ఎడంగా జరుగుతాయి, నీళ్లు పోతే మళ్లీ దగ్గరికొస్తాయి. అంటే నేల ఏటా ఒకసారి పొంగి, ఒకసారి కుంగుతుంది. తలుపులు బిగుసుకుపోవడం, గోడకి మూల నుంచి మూలకి ఏటవాలుగా బీట రావడం, రోడ్డు అలలు అలలుగా తయారవడం అన్నీ దీని ఫలితాలే.

ఎంత పొంగుతుందో తెలుసుకోవడానికి ల్యాబ్‌లో చాలా సులువైన పరీక్ష ఒకటుంది, నాకు ఇప్పటికీ అది చూడ్డమంటే ఇష్టం. 425 మైక్రాన్ల జల్లెడలోంచి పడిన ఎండు మట్టిని 10 గ్రాములు చొప్పున రెండు గాజు కొలజాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్, రెండూ 100 మి.లీ. గీత దాకా. గాజు కడ్డీతో మెల్లగా తిప్పి లోపలి గాలి బుడగలు పోగొట్టి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. మర్నాడు చూస్తే కిరోసిన్‌లో మట్టి అడుగున బుద్ధిగా కూర్చుని ఉంటుంది, ఎందుకంటే ఆ పొరల్లోకి కిరోసిన్ దూరలేదు. నీళ్ల జాడీలో అదే మట్టి ఉబ్బి, మెత్తగా, పైకి తేలినట్టు కనిపిస్తుంది. కిరోసిన్‌లో 10 మి.లీ. ఉన్నది నీళ్లలో 20 మి.లీ. అయితే స్వెల్ ఇండెక్స్ 100 శాతం అన్నమాట. 50 దాటిందంటే పునాది విషయంలో జాగ్రత్త పడాల్సిందే. మీ స్థలం మట్టి ఇస్తే ఏ సాయిల్ ల్యాబ్‌లో అయినా ఈ పరీక్ష చేస్తారు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఇల్లు మొదలుపెట్టే ముందు ఇదొక్కటైనా చేయించుకోండి.

సరే, పీచు సంగతికి వద్దాం. మట్టిని నొక్కితే బాగానే ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం ఓర్చుకోలేదు. ఇది తెలిసినవాళ్లు వేల ఏళ్ల కిందటే మట్టిలో లాగుడుకి ఓర్చుకునే వస్తువేదో ఒకటి కలిపారు. మన ఊళ్లలో మట్టి గోడ పెట్టేటప్పుడు మట్టి నానబెట్టి, వరిగడ్డి ముక్కలు చల్లి కాళ్లతో తొక్కేవాళ్లు. గడ్డి లేకుండా పెట్టిన గోడ ఆరేటప్పుడే పగుళ్లిస్తుందని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇరాక్‌లో బాగ్దాద్ దగ్గర అకర్‌ఖూఫ్ అనే చోట క్రీ.పూ. 14వ శతాబ్దంలో కట్టిన పెద్ద ఇటుకల దిబ్బ ఉంది. పచ్చి ఇటుకల వరసల మధ్య కొన్ని వరసలకొకసారి రెల్లు చాపలు పరిచి కట్టారు, మూడు వేల ఏళ్లు దాటినా దాని నడిమి భాగం ఇంకా నిలబడే ఉంది. చైనా గోడలో ఎడారి వైపున్న భాగాల్లో కూడా మట్టి, కంకర పొరల మధ్య రెల్లు, చెట్ల కొమ్మలు పరిచినట్టు కనిపిస్తాయి.

దీన్ని లెక్కల్లోకి, డిజైన్‌లోకి తెచ్చినవాడు ఆన్రి విదాల్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు. 1960ల మొదట్లో ఆయన మట్టి పొరల మధ్య ఇనుప పట్టీలు పరిచి, ఆ పట్టీలకీ మట్టికీ మధ్య రాపిడితోనే గోడ నిలబెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లైఓవర్ ఎక్కేచోట రెండు వైపులా కాంక్రీటు పలకలు పేర్చిన నిలువు గోడలు చూసే ఉంటారు. ఆ పలకలు కేవలం ముఖం. అసలు బరువు మోసేది వాటి వెనక మట్టిలో పడుకున్న పట్టీలు లేదా గ్రిడ్లు. అయితే ఇవన్నీ వరసగా, ఒక దిశలో పరిచేవి. మట్టిలో కలిపేసే పీచు వేరే కథ, అది అన్ని దిశల్లోనూ చెల్లాచెదురుగా ఉంటుంది. 1980ల్లో ఫ్రాన్స్‌లోనే టెక్సోల్ అని ఒకటి వచ్చింది, ఇసుకని చిమ్ముతూ దానితో పాటే సన్నని పాలియెస్టర్ దారాన్ని తెగకుండా చిమ్మేవాళ్లు. దారం బరువు ఇసుక బరువులో 0.1 నుంచి 0.2 శాతం. అంత తక్కువ దారంతోనే నిట్టనిలువుకి దగ్గరగా ఉండే వాలుల్ని నిలబెట్టగలిగారు, ఉత్త ఇసుకైతే జారి కుప్పైపోయే కోణాల్లో. దాదాపు అదే కాలంలో, 1983లో, అమెరికాలో గ్రే, ఒహాషీ ఇసుకలో పీచు పెట్టి, మట్టి జారి తెగడాన్ని కొలిచే షియర్ పరీక్షలు చేసి, పీచు ఎలా పనిచేస్తుందో లెక్కగట్టే నమూనా ఇచ్చారు. ఇప్పుడు మన పిల్లలు రాసే ప్రాజెక్టు రిపోర్టుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

గ్రే, ఒహాషీ చెప్పింది మామూలు మాటల్లో చెప్తాను. మట్టి తెగేటప్పుడు తనలోనే ఒక సన్నని పొర వెంట జారుతుంది. ఆ పొరకి అడ్డంగా ఉన్న పీచు పోగు, మట్టి జారడం మొదలయ్యాక సాగుతుంది. మొదలయ్యాక, అన్నది ముఖ్యం. కదలిక లేనంతవరకూ పీచుకి పనే లేదు. కదలిక రాగానే పోగు రెండు చివర్లూ మట్టిలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి అది బిగుసుకుంటుంది, జారే మట్టిని వెనక్కి పట్టి లాగుతుంది, దాంతో పాటు రెండు వైపుల మట్టినీ దగ్గరికి నొక్కుతుంది. ఇక్కడ రెండు రకాలుగా జరగొచ్చు. చుట్టూ నొక్కుడు తక్కువైతే పోగు మట్టిలోంచి జారి బయటికొస్తుంది, నొక్కుడు బాగా ఎక్కువైతే పోగు సాగి తెగుతుంది.

రోడ్డు సబ్‌గ్రేడ్ అంటే రోడ్డు పొరల కింద ఉండే మట్టి, నేల పైనుంచి అర మీటరో మీటరో లోతే, అక్కడ నొక్కుడు తక్కువ. కాబట్టి పోగు దాదాపు ఎప్పుడూ జారుతుందే తప్ప తెగదు. అందుకే ఫైబర్ ప్యాకెట్ మీద వేసే తన్యత బలం (లాగితే ఎంతవరకు తెగకుండా ఓర్చుకుంటుందో) అంకె చూసి మురిసిపోవద్దని చెప్తాను. మనకి కావాల్సింది పట్టు. పోగు ఎంత గరుకుగా ఉంది, ఎంత పొడుగుంది, లావుకి పొడుగు నిష్పత్తి ఎంత, మట్టి దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంది. నున్నటి ప్లాస్టిక్ పోగు కంటే గరుకుగా ఉండే కొబ్బరి పీచుకి, బలం తక్కువైనా, ఈ విషయంలో మంచి మార్కులే వస్తాయి.

ఇది కళ్లతో చూడాలంటే యూసీఎస్ పరీక్ష చూడండి, అంటే పక్కల నుంచి ఏ ఆసరా లేకుండా మట్టిని నొక్కి బలం కొలిచే పరీక్ష. 38 మి.మీ. లావు, 76 మి.మీ. ఎత్తు ఉండే మట్టి స్తంభాన్ని చేసి పైనుంచి మెల్లగా నొక్కుతారు. బాగా ఆరిన మట్టిది లేదా సున్నం కలిపి నిలవ ఉంచినది అయితే లోడ్ చకచకా పెరుగుతుంది, పెరుగుతుంది, ఉన్నట్టుండి ఏటవాలుగా ఒక బీట పడి ముక్క జారిపోతుంది, డయల్ ముల్లు వెనక్కి తిరుగుతుంది. అదే మట్టిలో 0.5 శాతం పీచు కలిపినది పెడితే మొదట్లో తేడా పెద్దగా తెలియదు, కొన్నిసార్లు మొదటి బిగువు కాస్త తక్కువే ఉంటుంది. కానీ పీక్ దాటాక చూడాలి అసలు సంగతి. స్తంభం విరగదు, నడుము దగ్గర ఉబ్బి పీపాలాగా అవుతుంది, చిన్న చిన్న బీటలు చాలా చోట్ల పడతాయి, వాటిలోంచి పీచు పోగులు రెండు ఒడ్లనీ పట్టుకుని కనిపిస్తాయి. లోడ్ మెల్లగా తగ్గుతుందే తప్ప పడిపోదు. బలం ఇరవై శాతం పెరిగిందా నలభై పెరిగిందా అన్న దానికంటే నాకు ఈ తేడా ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. గట్టు ఒక్కసారిగా కూలడం వేరు, ముందుగా కుంగి హెచ్చరిక ఇవ్వడం వేరు కదా.

ఇక నల్లరేగడి దగ్గరికొస్తే పీచు చేయలేని పని ఒకటుంది, దీన్ని చాలా రిపోర్టులు చూసీ చూడనట్టు వదిలేస్తాయి. పొంగడం అనేది ఖనిజం పొరల్లో, కంటికి కనపడని స్థాయిలో జరిగే పని. పీచు దాని రసాయనాన్ని మార్చదు. పొంగుడు కొంత తగ్గినట్టు పరీక్షల్లో వస్తుంది, నిజమే. కొంత పొంగే మట్టి స్థానంలో పొంగని పీచు ఉండటం వల్ల, కొంత పోగులు పట్టి లాగడం వల్ల. అంతకుమించి ఆశించకూడదు. పొంగుడు ఆపాలంటే సున్నం కావాలి. సున్నంలోని కాల్షియం ఆ పొరల మధ్యకి చేరి నీళ్లు పట్టే గుణాన్ని తగ్గిస్తుంది, బంక పోయి మట్టి పొడిపొడిగా అవుతుంది, తర్వాత రోజులు గడిచేకొద్దీ సిమెంటులాంటి బంధాలు ఏర్పడి గట్టిపడుతుంది. దాని లోపం ఏమిటంటే గట్టిపడ్డ మట్టి పెళుసుగా తయారవుతుంది. ఇందాక చెప్పిన ఉన్నట్టుండి విరిగిపోవడం ఇక్కడ బాగా కనిపిస్తుంది. అందుకే ఈ రెండింటి జోడీ నాకు నచ్చుతుంది, సున్నం పొంగుడు సంగతి చూసుకుంటుంది, పీచు పెళుసుతనం సంగతి చూసుకుంటుంది. ఎండాకాలం నెర్రెల విషయంలో మాత్రం పీచు ఒంటరిగా కూడా బాగా పనిచేస్తుంది. మట్టి ఆరి కుంచించుకుపోయేటప్పుడు వచ్చేది లాగుడే కాబట్టి, ఒక పెద్ద నెర్రె బదులు సన్నని బీటలు పడతాయి, లోతూ తగ్గుతుంది. నెర్రె సన్నబడితే వాన నీళ్లు లోపలికి దిగడమూ తగ్గుతుంది.

ఎంత కలపాలి అంటే, ఎండు మట్టి బరువులో 0.25 నుంచి 1 శాతం లోపే చాలామంది మంచి ఫలితాలు చూశారు. ఇంకా ఎక్కువ వేస్తే పోగులు ఒకదానికొకటి చుట్టుకుని ఉండలు కడతాయి, మట్టికి బదులు పీచుతోనే పీచు రాసుకుంటుంది, సాంద్రత పడిపోతుంది, బలం తిరిగి తగ్గుతుంది. కొబ్బరి పీచు నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి తేమ లెక్క కూడా కాస్త పెంచాలి. కలిపేటప్పుడు ఎండు మట్టిలో వేయకండి, పీచు తేలికగా ఉండి పైకి వచ్చేస్తుంది. ముందు నీళ్లు కలిపి, తడి మట్టిలో పీచుని చేత్తో విడదీస్తూ కొద్దికొద్దిగా చల్లుతూ పిసకాలి. ల్యాబ్‌లో ఇది ఓపిక పని, అంతే.

సైట్లో అది అంత సులువు కాదు. ఒక లెక్క చూడండి. పల్లె రోడ్డు, మట్టి కట్ట పై వెడల్పు 7.5 మీటర్లు, 300 మి.మీ. మందం సబ్‌గ్రేడ్ అనుకుందాం. కిలోమీటరుకి 2,250 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరుకి ఎండు బరువు 1.5 టన్నులు అనుకుంటే 3,375 టన్నులు. అందులో 0.5 శాతం అంటే దాదాపు 17 టన్నుల పీచు. ఆ 17 టన్నుల్నీ ఒకే పొడవుకి కత్తిరించాలి, విడదీయాలి, కిలోమీటరు పొడవునా సమానంగా చల్లాలి, తర్వాత ట్రాక్టరుకి రోటావేటర్ కట్టి కలపాలి. పోగులు పొడుగైతే రోటావేటర్ షాఫ్టుకి చుట్టుకుపోతాయి, డ్రైవరు దిగి కొడవలితో కోసుకుంటూ కూర్చోవాలి. ఒకచోట ఉండ, ఒకచోట అసలు పీచే లేని మట్టి ఉంటే ఆ రోడ్డు పీచు లేని చోటే తెగుతుంది. ల్యాబ్ ఫలితాలు వందలకొద్దీ ఉండి, రోడ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండటానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. సిద్ధాంతంలో లోటేం లేదు, కలపడమే కష్టం.

అందుకే పీచుని విడిగా కలపడం బదులు చాప లేదా వలలా నేసి పొరగా పరచడం ముందుగా రోడ్ల దాకా వచ్చింది. కాకినాడ పోర్టు ప్రాంతంలో మెత్తటి బంకమట్టి మీద జనపనార చాప పరిచి రోడ్డు వేసిన ప్రయోగం 1990ల నాటిది. కొబ్బరి పీచు వలకైతే భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15869 పేరుతో ప్రమాణమే ఇచ్చింది, అందులో దాన్ని భూవస్త్ర అని పిలుస్తారు. 2020 జూన్‌లో కేంద్ర గ్రామీణ రోడ్ల సంస్థ పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) మూడో దశలో కొబ్బరి పీచు జియోటెక్స్‌టైల్ (మట్టిలో పరిచే పీచు బట్ట) వాడటానికి ఒప్పుకుంది. ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు అనుకున్నారు, అందులో ఆంధ్రప్రదేశ్‌కి 164, తెలంగాణకి 121. కోనసీమలో కాలువ గట్ల వెంట కొబ్బరి డొక్కల గుట్టలు చూసినప్పుడల్లా ఆ 164 కిలోమీటర్లు నాకు గుర్తొస్తాయి. పీచు తీసే చోటికీ, అమలాపురం చుట్టుపక్కల పొంగే నల్లమట్టి రోడ్లకీ మధ్య దూరం ఎంతని? ఇంతకంటే దగ్గర సరుకు ఇంకెక్కడా దొరకదు.

కొబ్బరి పీచు కుళ్లిపోదా అని తప్పకుండా అడుగుతారు. కుళ్లుతుంది. లిగ్నిన్ దాదాపు 40 శాతం పైనే ఉండటం వల్ల జనపనార కంటే చాలా నెమ్మదిగా కుళ్లుతుంది, కానీ కుళ్లుతుంది. దాన్ని ఎక్కడ వాడాలో ఇదే తేలుస్తుంది. గట్టు వాలు మీద వల పరిచి గడ్డి నాటితే, వల కుళ్లేలోపు వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. అక్కడ ప్లాస్టిక్ వల వేయడం నాకు అసలు ఇష్టం ఉండదు, వట్టివేరులాంటి గడ్డి చేయగల పనిని వందేళ్లు పోని ప్లాస్టిక్‌కి అప్పగించడం ఎందుకు? మెత్తటి నేల మీద రోడ్డు కింద పరిచిన చాప కూడా, మొదటి కొన్నేళ్లు నేల గట్టిపడేదాకా కంకరని బురదలోకి దిగకుండా ఆపితే చాలు. కానీ పీచుని మట్టిలో కలిపి అది రోడ్డు ఉన్నంతకాలం పనిచేయాలి అంటే కొబ్బరి పీచుని అలాగే వేస్తే కుదరదు. పైగా సున్నం కలిపితే ఆ క్షారం సహజ పీచుని ఇంకా దెబ్బతీస్తుంది. తడిసి ఉబ్బి ఆరినప్పుడు పోగు సన్నబడి మట్టికీ దానికీ మధ్య పట్టు సడలడం ఇంకో చిక్కు. పూత పూసి వాడొచ్చు, దాంతో ఖర్చు పెరుగుతుంది. సున్నంతో కలిపి, రోడ్డు కింద శాశ్వతంగా మూసేసే పనికైతే 12 మి.మీ. పాలీప్రొపిలీన్ పోగే సరైనదని నా అభిప్రాయం. పొలం పక్కన, కాలువ పక్కన, కొట్టుకుపోయి నీళ్లలో కలిసే చోట మాత్రం అది వద్దు.

ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా నాకు మెసేజ్‌లు పెడుతుంటారు, పునాది కింద కొబ్బరి పీచు వేయొచ్చా అని. వేయకండి. పునాది కింద కుళ్లేది ఏదీ ఉండకూడదు, పైగా మీ సమస్య పొంగుడు, దానికి పీచు మందు కాదు. ఐఐటీ బాంబేలో ఆర్.కె. కట్టి అనే ప్రొఫెసర్ చూపించిన పద్ధతి ఉంది, పొంగని బంకమట్టిని దాదాపు ఒక మీటరు మందంగా గట్టిగా దిమ్మిస చేసి దాని మీద కట్టడం. లేదంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు నల్లరేగడి కోసమే ప్రచారంలోకి తెచ్చిన అండర్ రీమ్డ్ పైల్స్ ఉన్నాయి, ఇవి నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు, అడుగున ఉబ్బెత్తుగా ఉండి తేమ మారని లోతులో నాటుకుంటాయి. మీ ఊరి ఇంజనీరుతో ఈ రెండింటిలో ఏది నప్పుతుందో మాట్లాడండి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా ప్లింత్ ప్రొటెక్షన్ (గోడ పక్కన చుట్టూ వేసే గచ్చు) వేయించుకోండి, గోడ పక్కనే పెద్ద చెట్లు పెట్టకండి. పీచు వాడాలనిపిస్తే పెరట్లో మట్టి కట్టకి, వాలుకి వాడుకోండి.

ప్రాజెక్టు పిల్లలకు ఒక మాట. ఇంకో వంద మోల్డులు చేసి "0.5 శాతం ఆప్టిమమ్" అని రాసే బదులు, కాలేజీ వెనక దారిలోనో, ఏదైనా పంచాయతీని ఒప్పించి పల్లె రోడ్డులోనో, వంద మీటర్లు పీచు మట్టితో, పక్కనే వంద మీటర్లు మామూలు మట్టితో వేయించండి. రోడ్డు కింద మట్టి ఎంత బరువు మోస్తుందో చెప్పే సీబీఆర్ పరీక్షని మట్టిని నాలుగు రోజులు నానబెట్టే చేయండి, ఎందుకంటే తడిసిన బంకమట్టిలో పోగుకి పట్టు తగ్గిపోతుంది, పొడి మీద వచ్చిన అంకె వానాకాలంలో అక్కరకు రాదు. కలిపాక పది చోట్ల మట్టి తవ్వి, కడిగి, పీచు వేరు చేసి తూచండి, ఎక్కడ ఎంత పడిందో తెలుస్తుంది. ఆ పది అంకెల మధ్య తేడా ఎంతో రిపోర్టులో తప్పకుండా రాయండి, నేను ఇప్పటిదాకా చదివిన వాటిలో అదే కనిపించదు. తర్వాత రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు గడిచాక నెర్రెల వెడల్పు, రోడ్డు మీద గాడుల లోతు రెండు ముక్కల్లోనూ కొలవండి. మీ బ్యాచ్ వెళ్లిపోయినా జూనియర్లకు అప్పగించండి. ఎవరైనా ఇలా మొదలుపెడితే నాకు రాయండి, మట్టి పరీక్షలకు నా వంతు సాయం చేస్తాను.